స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ దాకా: పెద్దవాళ్లతో, పాపతో పది రాత్రుల ప్లాన్

మీ ప్రశ్న సారాంశం ఇది. హైదరాబాద్ నుంచి ఐదుగురు బయల్దేరుతున్నారు: మీరిద్దరూ, ఎనిమిదేళ్ల పాప, మీ అమ్మానాన్నలు. బడులు తెరిచేలోపు, జూన్ మొదట్లో, క్రొయేషియా తీరంలో పది రాత్రులు గడపాలి. జాబితాలో స్ప్లిట్, బ్రాచ్, హ్వార్, విస్, కోర్చుల, మ్‌ల్యెట్, డుబ్రోవ్నిక్ ఉన్నాయి. కుదిరితే బోస్నియాలోని మోస్తార్, మోంటెనెగ్రోలోని కోటోర్ కూడా చూడాలని ఉంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, అమ్మగారు పూర్తి శాకాహారి. ఇందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, కారు అద్దెకు తీసుకోవాలా అని అడిగారు.

నేను వియన్నాలో ఉంటాను. వేసవి వస్తే ఈ ఊళ్లో సగం మంది ఏడ్రియాటిక్ సముద్రం వైపే దారి పడతారు, మేమూ అంతే. ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడు ఆ తీరానికి తీసుకెళ్లే డ్యూటీ కూడా నాదే. మోకాళ్ల నొప్పులున్న మావయ్యలు, ఉల్లి వెల్లుల్లి ముట్టని పిన్నులు, నీళ్లలోంచి బయటికి రానని మారాం చేసే పిల్లలు, అందరితోనూ తిరిగాను. కాబట్టి కొంచెం చనువు తీసుకుని చెబుతున్నాను: మీ జాబితాని సగానికి కోసేయండి. పది రాత్రులకు తొమ్మిది ఊళ్లంటే మీ అమ్మానాన్నలకు గుర్తుండేది రేవుల్లో సూట్‌కేసుల పక్కన నిలబడటమే.

ఏది కోయాలో మ్యాప్ చూస్తే తేలదు. మ్యాప్‌లో హ్వార్, విస్, బ్రాచ్ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకేయొచ్చు అనిపిస్తుంది. బోట్ల టైమ్‌టేబుల్ తెరిచాక అసలు సంగతి తెలుస్తుంది. చాలా బోట్లు స్ప్లిట్ నుంచి ద్వీపానికి వెళ్లి మళ్లీ స్ప్లిట్‌కే వస్తాయి. ద్వీపాల్లో ఉండే జనం ఆఫీసుకో ఆసుపత్రికో ఊళ్లోకి వచ్చి వెళ్లడానికి వేసిన లైన్లు అవి, టూరిస్టుల కోసం వేసినవి కావు. విస్ నుంచి హ్వార్‌కి నేరుగా వెళ్లాలంటే దొరికే బోట్లు చాలా తక్కువ. ఒక్క దారిలో మాత్రం ద్వీపాలు వరసగా కుదురుతాయి: స్ప్లిట్, హ్వార్, కోర్చుల, డుబ్రోవ్నిక్. వేసవిలో కాటమరాన్‌లు (మనుషుల్ని మాత్రమే ఎక్కించుకునే వేగమైన బోట్లు) ఈ వరసలోనే కిందికి దిగుతాయి, కొన్ని మధ్యలో మ్‌ల్యెట్ దగ్గర కూడా ఆగుతాయి. మీ ప్రయాణం ఈ గీత మీదే ఉండాలి. గీత మీద లేనివి వదిలేయండి.

అంటే విమానం టికెట్లు కూడా స్ప్లిట్‌లో దిగి డుబ్రోవ్నిక్ నుంచి ఎక్కేలా తీసుకోవాలి. రానుపోను ఒకే ఊరికి తీసుకుంటే వెనక్కి రావడానికి ఒక రోజు దండగ. రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీద 230 కిలోమీటర్ల దాకా ఉంటుంది, బస్సుకి నాలుగు గంటలు పైనే పడుతుంది. రైలు సంగతి అసలు మర్చిపోండి, పట్టాలు స్ప్లిట్‌తో ఆగిపోతాయి, డుబ్రోవ్నిక్‌కి రైలే లేదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది, అక్కణ్ణుంచి వేసవిలో ఈ రెండు ఊళ్లకూ విమానాలు దొరుకుతాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఇమిగ్రేషన్ అయిపోతుంది కాబట్టి అక్కడ కనీసం మూడు గంటల గ్యాప్ పెట్టుకోండి. నాన్నగారికి బుకింగ్ అప్పుడే వీల్‌చెయిర్ అసిస్టెన్స్ అడగండి. మొహమాటపడాల్సిన పనిలేదు, ఆ ఎయిర్‌పోర్టులో గేటు నుంచి గేటుకి నడకే ఒక వ్యాయామం.

ఇక వీసా. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) చేరింది, అదే రోజు యూరో కూడా తెచ్చుకుంది. పాత బ్లాగుల్లో కూనా (అప్పటి కరెన్సీ) లెక్కలు, క్రొయేషియా ప్రత్యేక వీసా గురించి రాసి ఉంటే వాటిని పట్టించుకోకండి. మీరు దిగేది జర్మనీలో అయినా ఎక్కువ రాత్రులు ఉండేది క్రొయేషియాలో, కాబట్టి దరఖాస్తు క్రొయేషియాకే పెట్టాలి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, ఆరేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు 45. సర్వీస్ సెంటర్ చార్జీ దీనికి అదనం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పెద్దవాళ్లకు బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు కవర్ ఉందో లేదో చదివి చూసుకోండి. చాలా చవక పాలసీల్లో ఉండదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. జూన్ ప్రయాణమంటే వేసవి రద్దీ, అపాయింట్‌మెంట్ల కోసం టెన్షన్ పడకుండా ఉండాలంటే ఫిబ్రవరి, మార్చిలోనే కదలండి.

మోస్తార్, కోటోర్ విషయం ఇక్కడే తేల్చేద్దాం. బోస్నియా, మోంటెనెగ్రో రెండూ షెంగెన్ బయట ఉన్నాయి. మీకు సింగిల్ ఎంట్రీ వీసా వస్తే, పొద్దున కోటోర్ చూడటానికి వెళ్లి సాయంత్రం డుబ్రోవ్నిక్‌కి తిరిగి రావడం కుదరదు. బయటికి అడుగుపెట్టగానే ఆ వీసా అయిపోయినట్టే. డే ట్రిప్ అమ్మే వాళ్లు ఈ సంగతి అడగరు, యూరప్ పాస్‌పోర్టులకు అలవాటు పడిన వాళ్లకు గుర్తే రాదు. మల్టిపుల్ ఎంట్రీ వచ్చినా సరే, జూన్‌లో ఆ సరిహద్దుల దగ్గర బస్సుల క్యూలో గంటలు గంటలు కూర్చోవడం పెద్దవాళ్లతో వద్దనే అంటాను.

దీనికే ఒక మెలిక ఉంది, అది చాలామందికి తెలియదు. క్రొయేషియా తీరం మధ్యలో సుమారు 20 కిలోమీటర్ల ముక్క బోస్నియాది, నెయుమ్ అనే ఊరు. 1699లో కార్లోవిట్జ్ సంధి జరిగినప్పుడు, అప్పట్లో విడి రాజ్యంగా ఉన్న డుబ్రోవ్నిక్ వాళ్లు తమ నేలలో కొంత ఆటోమన్ తుర్కులకు ఇచ్చేశారు. పోటీ రాజ్యమైన వెనిస్ సైన్యం భూమార్గంలో తమ మీదికి రాకుండా మధ్యలో తుర్కులు అడ్డుగోడగా ఉంటారని లెక్క. మూడు వందల ఏళ్లు గడిచినా ఆ ముక్క అలాగే ఉండిపోయింది, స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్లే ప్రతి బస్సూ ఒక దేశంలోకి వెళ్లి మళ్లీ బయటికి రావాల్సి వచ్చేది. 2022 జూలైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచారు. 2.4 కిలోమీటర్ల పొడవు, కట్టింది చైనా కంపెనీ. దానితో బోస్నియాలో కాలు పెట్టకుండా వెళ్లే దారి ఏర్పడింది. అయితే కొన్ని బస్సులు ఇప్పటికీ నెయుమ్ మీదుగానే పోతాయి. ఏ కారణం చేతనైనా మీరు బోటు మానేసి బస్సు ఎక్కాల్సి వస్తే, టికెట్ కొనే ముందు ‘ఏ దారిలో వెళ్తుంది?’ అని తప్పకుండా అడగండి.

బోటు ఎందుకు మానేయాల్సి వస్తుంది అంటే, గాలి. ఈ తీరంలో గాలులకు పేర్లున్నాయి, వాటి గురించి ఊరివాళ్లు మన దగ్గర కరెంటు కోత గురించి మాట్లాడుకున్నంత మామూలుగా మాట్లాడుకుంటారు. బూరా అన్నది ఈశాన్యం నుంచి కొండల మీంచి ఒక్కసారిగా విరుచుకుపడే చల్లగాలి, ముఖ్యంగా చలికాలంలో. యూగో ఆగ్నేయం నుంచి వచ్చే తేమగాలి. రెండు మూడు రోజులు మబ్బు పట్టించి, సముద్రాన్ని కల్లోలం చేసి, అందరికీ తలనొప్పి తెప్పిస్తుంది. మాయెస్త్రాల్ మాత్రం మంచిది, వేసవి మధ్యాహ్నాల్లో పడమటి వైపు నుంచి వచ్చి ఎండని తట్టుకోనిస్తుంది. జూన్‌లో ఎక్కువగా మీకు తగిలేది ఇదే, అప్పుడప్పుడు యూగో రావచ్చు. గాలి ఎక్కువైతే ముందు రద్దయ్యేవి కాటమరాన్‌లే. అందుకని తిరుగు విమానం ఉన్న రోజునే ద్వీపం నుంచి బోటులో వచ్చేలా ఎప్పుడూ పెట్టుకోకండి. డుబ్రోవ్నిక్‌లో చివరి మూడు రాత్రులు పెట్టమని చెప్పడానికి ఇదీ ఒక కారణం. వాంతుల మాత్రలు ఇంటి నుంచే తెచ్చుకోండి.

బోట్లలో రెండు రకాలున్నాయి, తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది. కార్లు ఎక్కే పెద్ద ఫెర్రీ మన పల్లెవెలుగు బస్సు లాంటిది: నెమ్మదిగా వెళ్తుంది, నడిచి ఎక్కేవాళ్లకు దాదాపు ఎప్పుడూ చోటుంటుంది, పైన డెక్ మీద బెంచీలు, లోపల కాఫీ, బాత్రూములు. కాటమరాన్ వేగంగా పోతుంది, మనుషులకే, సీట్లు లెక్కగా ఉంటాయి, లోపలే కూర్చోవాలి, ముందే నిండిపోతుంది. ప్రభుత్వ సంస్థ యాద్రోలినియా రెండు రకాలూ నడుపుతుంది, క్రీలో అనే ప్రైవేటు వాళ్లు కాటమరాన్‌లు నడుపుతారు. టికెట్లు రెండు సైట్లలో విడివిడిగా చూడాలి. మేలో తక్కువ సర్వీసులుంటాయి, జూన్ నుంచి పెరుగుతాయి. మీకు జూన్ మొదటివారం దాటాక బయల్దేరే వీలుంటే కొంచెం నయం, కానీ బడి తెరిచే తేదీ మీకే తెలుసు.

హ్వార్ దగ్గర ఒక తికమక ఉంది. స్ప్లిట్ నుంచి వచ్చే కార్ ఫెర్రీ హ్వార్ ఊరికి వెళ్లదు, అదే ద్వీపంలో అవతలి పక్కనున్న స్టారి గ్రాడ్‌కి వెళ్తుంది, రెండు గంటల ప్రయాణం. కాటమరాన్ గంటలో హ్వార్ ఊళ్లోనే దింపుతుంది. హ్వార్ ఊళ్లో గది బుక్ చేసుకుని ఫెర్రీ దిగి, ‘మా హోటల్ ఎక్కడ?’ అని అడిగేవాళ్లు ప్రతి బోటులోనూ ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. రెండిటి మధ్యా బస్సు, టాక్సీ ఉన్నాయి, అరగంట లోపు పని.

ఇప్పుడు నా ప్లాన్ చెబుతాను. స్ప్లిట్ 3 రాత్రులు, స్టారి గ్రాడ్ 2, కోర్చుల 2, డుబ్రోవ్నిక్ 3. విస్ తీసేయండి. అందమైన ద్వీపమే, 1989 దాకా యుగోస్లావియా సైనిక స్థావరంగా విదేశీయులకు మూసి ఉంచారు కాబట్టి ఇప్పటికీ కాంక్రీటు తక్కువ. కానీ దాని పక్కనున్న బీషెవో ద్వీపంలోని నీలి గుహ చూపిస్తామని స్ప్లిట్ రేవులో అమ్మే స్పీడ్‌బోట్ టూర్లు మోకాళ్లకు, నడుముకు మంచివి కావు. అలల మీద బోటు ఎగిరెగిరి పడుతూ వెళ్తుంది. బ్రాచ్ కూడా తీసేయండి, లేదా స్ప్లిట్‌లో ఒక పూట ఖాళీ దొరికితే 50 నిమిషాల ఫెర్రీలో సుపెటార్ దాకా వెళ్లి రండి. క్ర్కా జలపాతాల గురించి ఎవరో చెప్పి ఉంటారు. అక్కడి పెద్ద జలపాతం స్క్రాదిన్‌స్కి బుక్ దగ్గర ఈత 2021 నుంచి నిషేధం, ఫోటోల్లో చూసినట్టు నీళ్లలోకి దిగలేరు.

కారు వద్దు. ఐదుగురికి పెద్ద కారు, ఫెర్రీలో కారుకి వేరే టికెట్, క్యూలో గంట ముందు నిలబడటం, ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలినందుకు అదనపు చార్జీ, చివరికి డుబ్రోవ్నిక్‌లో పార్కింగ్ కోసం వెతుకులాట. మీరు ఉండే పాత ఊళ్లలోకి కార్లు ఎలాగూ రావు. ఆ డబ్బుతో అవసరమైన చోట పెద్ద టాక్సీ పిలుచుకోండి.

స్ప్లిట్‌ని చాలామంది బోటు ఎక్కే రేవుగా మాత్రమే చూస్తారు. నా దృష్టిలో ఈ తీరం మొత్తంలో దానికి సాటి లేదు. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 305లో సింహాసనం వదిలేశాడు, తనంతట తానే. ఆ తర్వాత ఉండటానికి తన సొంత ప్రాంతంలో సముద్రం ఒడ్డున ఈ భవనం కట్టించుకున్నాడు. సుమారు 215 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు, రాయి బ్రాచ్ ద్వీపం నుంచి తెచ్చిందే. మళ్లీ వచ్చి రాజ్యం ఏలమని అడిగితే, నేను పెంచిన క్యాబేజీలు చూస్తే ఆ మాట అడగరు అన్నాడని ఒక కథ ఉంది. భవనం తూర్పు గోడ బయట ఇప్పటికీ పొద్దున్నే కూరగాయల సంత నడుస్తుంది, క్యాబేజీలూ దొరుకుతాయి.

ఏడో శతాబ్దంలో పక్కనున్న సలోనా నగరం అవార్లు, స్లావులు అనే తెగల దాడుల్లో పాడైపోతే జనం పారిపోయి వచ్చి ఈ ఖాళీ భవనంలో దూరారు. అప్పటి నుంచి ఎవరూ ఖాళీ చేయలేదు. రోమన్ స్తంభాల మధ్య గోడ కట్టుకున్నారు, గోడకి కిటికీ పెట్టుకున్నారు. ఈ రోజుకీ స్తంభానికీ కిటికీకీ మధ్య తాడు కట్టి బట్టలు ఆరేస్తారు. కింద నేలమాళిగలు చూడండి. అవి ఇంత బాగా మిగలడానికి కారణం, పైన ఇళ్లవాళ్లు నేలకి కన్నాలు పెట్టి వందల ఏళ్లు చెత్త, మురుగు కిందికి వదలడం. చెత్తతో నిండిపోవడం వల్ల వాటి జోలికి ఎవరూ పోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో తవ్వి తీస్తే, పైన చక్రవర్తి గదులు ఏ ఆకారంలో ఉండేవో కింద గదుల్ని బట్టి తెలిసింది. చక్రవర్తి సమాధి మందిరం ఇప్పుడు కెథెడ్రల్. క్రైస్తవుల్ని వేటాడి చంపించినవాడు డయోక్లీషియన్. అలా చనిపోయిన సలోనా బిషప్ డోమ్నియస్ పేరు మీదే ఆ చర్చి ఉంది, ఆయన అస్థికలు లోపల ఉన్నాయి, చక్రవర్తి శవపేటిక మాత్రం ఎప్పుడో మాయమైంది. చర్చి ముందు నల్లటి గ్రానైటు స్ఫింక్స్ కూర్చుని ఉంటుంది, ఈజిప్టు నుంచి తెచ్చింది, వయసు మూడు వేల ఏళ్ల పైమాటే. పాపకి అది చూపించండి.

నాన్నగారికి స్ప్లిట్ హాయి. భవనం లోపల, ముందున్న రీవా (సముద్రపు ఒడ్డు నడకదారి) మీద నేల చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలుంటాయి. రేవు, బస్టాండు, రైల్వే స్టేషను మూడూ ఒకేచోట, పాత ఊరికి పది నిమిషాల నడకలో ఉంటాయి. గది మాత్రం లోపలి సందుల్లో తీసుకుంటే ‘ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, లోపల ఎన్ని మెట్లు’ అని ఓనర్‌ని రాతపూర్వకంగా అడగండి. ఈ తీరంలో ఎక్కువగా దొరికేవి ఇళ్లవాళ్లు అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లే. వంటగది ఉంటుంది, మీకు అదే కావాలి కూడా. కానీ పాత ఊళ్లలో లిఫ్ట్ అన్న మాటే ఉండదు, మూడో అంతస్తంటే ఇరుకు మెట్లు మూడంతస్తులు ఎక్కాల్సిందే. స్ప్లిట్‌లో ఉన్న మూడు రోజుల్లో ఒక పూట ట్రోగిర్ వెళ్లండి. చిన్న ద్వీపం మీద ఒదిగిన ఊరు, అక్కడి కెథెడ్రల్ వాకిలి మీద రాడోవన్ అనే శిల్పి 1240లో చెక్కిన పని ఉంది. నెలలవారీగా జనం చేసే పనులు, జంతువులు, ఆదాము, అవ్వ, అన్నీ రాతిలో. తీరిగ్గా నిలబడి చూడాల్సిన వాకిలి.

స్టారి గ్రాడ్ ఎందుకు, అందరూ హ్వార్ ఊరికి వెళ్తారు కదా అని అడుగుతారు. హ్వార్ ఊరు జూన్ నుంచి రాత్రిళ్లు పార్టీల ఊరు, ధరలూ అలాగే ఉంటాయి. పగలు బస్సులో వెళ్లి చూసి రండి, 1612 నాటి పబ్లిక్ థియేటర్ ఉంది, చౌక్ చాలా అందంగా ఉంటుంది. స్టారి గ్రాడ్ ప్రశాంతం, చదును. క్రీస్తుపూర్వం 384లో పారోస్ ద్వీపం నుంచి వచ్చిన గ్రీకులు పెట్టిన ఊరు ఇది. వాళ్లు వెనకున్న మైదానాన్ని సుమారు 900 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు చొప్పున పొలాలుగా కొలిచి పంచుకున్నారు. ఆ గట్లు ఇప్పటికీ చాలావరకు అవే. సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, లోపల ద్రాక్ష, ఆలివ్, రెండు వేల నాలుగు వందల ఏళ్లుగా అదే పంట. గట్టు తగాదాలు తెలిసిన మనవాళ్లకు ఇది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి, పాపతో సాయంత్రం ఒక చుట్టు తిరగండి. ఊళ్లో 16వ శతాబ్దపు కవి ఒకాయన కట్టుకున్న కోట లాంటి ఇల్లుంది, నడిమింట్లో సముద్రపు నీటి కొలను, అందులో చేపలు. అమ్మానాన్నలు అక్కడ కూర్చుంటే లేవరు.

కోర్చులకి హ్వార్ ఊరి నుంచి కాటమరాన్, గంటన్నర లోపే. కోర్చుల పాత ఊరు ఒక చిన్న గుట్ట మీద ఉంది, నడుమ ఒక వీధి, దానికి రెండు పక్కలా చేప ముళ్లలా సందులు. పడమటి సందులు నేరుగా ఉంటాయి, వేసవి గాలి లోపలికి రావడానికి. తూర్పువి వంపు తిరిగి ఉంటాయి, బూరాని ఆపడానికి. మార్కోపోలో ఇక్కడే పుట్టాడని ఊరంతా చెబుతారు, ఇల్లు కూడా చూపిస్తారు. ఆధారాలు గట్టివి కావు, ఎక్కువమంది చరిత్రకారులు వెనిస్ అనే అంటారు. కానీ 1298లో వెనిస్‌కీ జెనోవాకీ మధ్య పెద్ద నౌకా యుద్ధం జరిగింది ఈ కోర్చుల దగ్గరే. మార్కోపోలో ఆ యుద్ధంలోనే పట్టుబడ్డాడని అంటారు. జెనోవా జైల్లో తోటి ఖైదీకి చెప్పి రాయించిన ఆ కథల్లోనే మన మోటుపల్లి రేవు, వజ్రాలు, భర్త పోయాక చాలా ఏళ్లు న్యాయంగా పాలించిన రాణి వస్తారు. ఆ రాణి రుద్రమదేవి అని మనవాళ్లు గుర్తించారు. బాపట్ల జిల్లా తీరం సంగతి యూరప్‌కి చెప్పిన మనిషి కథలో ఈ జలసంధి కూడా ఒక మలుపు. మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే ఇది చెప్పి చూడండి, మోకాళ్ల నొప్పి మర్చిపోయి గోడ దాకా నడుస్తారు.

పాపకి లుంబార్డ. కోర్చుల నుంచి బస్సులో పావుగంట, అక్కడ ప్ర్జినా అనే ఇసుక బీచ్ ఉంది. ఇసుక అని ప్రత్యేకంగా చెబుతున్నానంటే, ఈ తీరంలో బీచ్‌లన్నీ దాదాపు గులకరాళ్లే. మన బాపట్ల, భీమిలి ఊహించుకుని వెళ్తే నిరాశే. అందరికీ రబ్బరు వాటర్ షూస్ కొనండి, రాళ్ల మధ్య సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్‌లు) ఉంటాయి, గుచ్చుకుంటే ఒక పట్టాన రావు. జూన్ మొదట్లో నీళ్లు ఇరవై డిగ్రీల చుట్టూ ఉంటాయి. పిల్లలు పట్టించుకోరు, పెద్దవాళ్లకు చలి.

మ్‌ల్యెట్‌కి కోర్చుల నుంచి డే ట్రిప్ బోట్లు వెళ్తాయి. ద్వీపం పడమటి కొసన 1960 నుంచి నేషనల్ పార్కు. రెండు ఉప్పునీటి సరస్సులు, చుట్టూ పైన్ చెట్లు, పెద్ద సరస్సు మధ్యలో చిన్న దీవి, దాని మీద పన్నెండో శతాబ్దపు మఠం. పార్కు టికెట్‌లోనే ఆ దీవికి పడవ ఉంటుంది. రెండు సరస్సుల్నీ కలిపే సన్నటి కాలువ మీద చిన్న వంతెన దగ్గర ఆటుపోట్లను బట్టి ప్రవాహం అటో ఇటో లాగుతూ ఉంటుంది. పిల్లలు ఒక పక్క దిగి, కొట్టుకుపోయి, ఇంకో పక్క తేలి, మళ్లీ పరిగెత్తుకొస్తారు. మీరు పక్కనే ఉండండి చాలు. ఒకప్పుడు ఈ ద్వీపంలో కొమ్ము రక్తపింజరి పాములు విపరీతం. ఆస్ట్రియా పాలకులు 1910లో ముంగిసల్ని తెచ్చి వదిలారు, అవి మన దేశం జాతివే. పాముల పని అయిపోయింది. ఆ తర్వాత పక్షుల మీద, ఊళ్లో కోళ్ల మీద పడ్డాయి. ఇప్పటికీ పొదల్లోంచి తుర్రుమంటూ కనిపిస్తాయి.

డుబ్రోవ్నిక్‌కి కాటమరాన్ వెళ్లేది పాత ఊరి రేవుకి కాదు, గ్రూజ్ అనే కొత్త రేవుకి. గది పాత ఊళ్లో తీసుకోకండి. నడివీధి స్ట్రాడున్ నుంచి ఉత్తరం వైపు వెళ్లే ప్రతి సందూ మెట్ల వరసే. లపాడ్ అనే పేట తీసుకోండి. చదునైన నడక దారి, చిన్న బీచ్, పాత ఊరి పీలె గుమ్మానికి 6వ నంబరు బస్సు. కోట గోడలు 1,940 మీటర్లు, ఒకే దిశలో నడవాలి, మెట్లు బోలెడు, నీడ దాదాపు లేదు, టికెట్ దాదాపు 40 యూరోలు. మీరూ పాపా పొద్దున తెరవగానే ఎక్కండి. అమ్మానాన్నలకు ఆ డబ్బు కేబుల్ కార్‌కి పెట్టండి. స్ర్ద్ కొండ మీది నుంచి గోడలు, ఊరు, లోక్రుమ్ ద్వీపం అన్నీ ఒకేసారి కనిపిస్తాయి, ఒక్క మెట్టు కూడా బాధపెట్టదు. పైనుంచి చూసేటప్పుడు పెంకుల రంగు గమనించండి. వెలిసిపోయిన పసుపు గోధుమరంగువి పాతవి, మెరిసే నారింజ రంగువి 1991-92 యుద్ధంలో ఊరిని ముట్టడించినప్పుడు పగిలిపోయాక వేసినవి. ఏ ఇంటికి ఎంత దెబ్బ తగిలిందో ఆ రంగే చెబుతుంది.

ఈ చిన్న ఊరు 1808లో నెపోలియన్ సైన్యం రద్దు చేసేదాకా స్వతంత్ర గణరాజ్యం. తుర్కులకు కప్పం కట్టి, పోప్‌తో స్నేహం చేసి, వెనిస్‌ని దూరం పెట్టి బతికింది. 1377లోనే, ప్లేగు ఉన్న చోటు నుంచి వచ్చేవాళ్లు నెల రోజులు బయటే ఆగాలని చట్టం చేసింది. 1416లో బానిసల వ్యాపారం నిషేధించింది. 1667 భూకంపంలో ఊరు నేలమట్టమైంది, ఇప్పుడు స్ట్రాడున్ మీద కనిపించే ఒకే తీరు ఇళ్లన్నీ ఆ తర్వాత కట్టినవే. ఆ వీధి సున్నపురాయి పరుపు అద్దంలా నున్నబడింది, వాన పడితే జారుతుంది. నాన్నగారికి పట్టు ఉన్న బూట్లు వేయించండి. ఎండ పూట పాపతో లోక్రుమ్ వెళ్లండి, పాత రేవు నుంచి పావుగంట పడవ, అక్కడ నెమళ్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి.

తిండి. మెనూలో పష్టిత్సాద అంటే గొడ్డుమాంసం, చెవాపి అంటే ఏ మాంసం కలిపారో అడిగితే గాని తెలియదు, ప్ర్షూట్ పంది. ‘నల్ల రిసోటో’ కణవ అనే సముద్రజీవి సిరాతో వండిన అన్నం, శాకాహారం అనుకుని తెప్పించుకోకండి. అమ్మగారికి నిశ్చింతగా దొరికేది బ్లిత్వా. పాలకూర లాంటి ఆకు, బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనె. చేపలకు పక్కన పెడతారు, విడిగా అడిగితే ఇస్తారు. స్ప్లిట్ సంతలో సోపార్నిక్ అడగండి, పల్చటి రెండు పిండి పొరల మధ్య అదే ఆకుకూర, ఉల్లి పెట్టి నిప్పుల మీద కాల్చింది. బేకరీలో బురెక్ కొనేటప్పుడు ‘సిర్’ అంటే జున్నుది, ‘మేసో’ అంటే మాంసంది. నాన్నగారికి చేపలు తెప్పిస్తే ధర కిలో లెక్క అని గుర్తుంచుకోండి. వండకముందే చేపని తూచి ధర చెప్పమనండి, అక్కడ అలా అడగడం మామూలే. బియ్యం, పెరుగు, టమాటా ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. కందిపొడి, ఊరగాయ, చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకుంటే రాత్రిళ్లు హాయిగా గడుస్తాయి. కుళాయి నీళ్లు తాగొచ్చు. ఇంకో మాట, ఈత దుస్తులతో పాత ఊళ్లలో తిరిగితే జరిమానా వేస్తారు, పాపకి పైన ఒక గౌను వేయండి.

బుకింగ్ వరస ఇలా పెట్టుకోండి. ముందు రద్దు చేసుకోగలిగే గదులు, తర్వాత వీసా, వీసా చేతికొచ్చాక బోట్లు. కాటమరాన్ టికెట్లలో హ్వార్ నుంచి కోర్చుల, కోర్చుల నుంచి డుబ్రోవ్నిక్, ఈ రెండూ ఆన్‌లైన్‌లో కనిపించిన రోజే తీసేసుకోండి. స్ప్లిట్ నుంచి స్టారి గ్రాడ్ ఫెర్రీకి అంత తొందరేం లేదు. కోర్చులలో బోటు రద్దయితే, ఎదురుగా ఒరెబిచ్‌కి పావుగంట ఫెర్రీ ఉంది, అక్కణ్ణుంచి పెల్యెషాట్స్ ద్వీపకల్పం మీదుగా డుబ్రోవ్నిక్‌కి రోడ్డు. ఆ దారిలో బోస్నియా తగలదు, టాక్సీ మాట్లాడుకుంటే సాయంత్రానికి లపాడ్‌లో ఉంటారు. గదులు చూసేటప్పుడు ఏదైనా సందేహం ఉంటే మెట్ల లెక్కతో సహా రాయండి, చెబుతాను.